వోర్టెక్స్ ఉన్న జాగా

కింగ్స్ ఐలండ్‌లో ఎవరైనా దారి అడిగితే నేను లేని రైడ్ల గుర్తులు చెబుతాను. "వోర్టెక్స్ పక్కనించి నేరుగా వెళ్లు" అంటాను. అడిగినవాళ్లు నా మొహం కేసి చూస్తారు. వోర్టెక్స్ 2019లోనే ఆగిపోయింది. హైదరాబాదులో సినిమా హాలు కూలిపోయి ఏళ్లయినా బస్టాపుకి దాని పేరే ఉండిపోయినట్టు, నా నోట్లో ఈ పార్కు ఇంకా పాత పేర్లతోనే ఉంది.

ఇది ఒహాయోలో, సిన్సినాటికి ఉత్తరాన మేసన్ అనే ఊళ్లో ఉంది. ఇక్కడ తెలుగు కుటుంబాలు చాలానే. ఎక్కువమంది బడులు బాగుంటాయని వచ్చినవాళ్లు. మేం 1999లో వచ్చాం. మా ఆయనకి రంగులరాట్నం ఎక్కినా తల తిరుగుతుంది. అందరి బ్యాగులూ, చెప్పులూ, కళ్లద్దాలూ ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూచోవడం ఆయన పని. రోలర్ కోస్టర్ల పిచ్చి అంతా నాదే. వేసవి సాయంత్రాల్లో గాలి ఇటు వీస్తే మా పెరటిదాకా పార్కు చప్పుడు వస్తుంది. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లని తీసుకెళ్లి, 314 అడుగుల ఐఫిల్ టవర్ నమూనా ముందు నిలబెట్టి ఫొటో తీసి, నీలంరంగు ఐస్‌క్రీమ్ తినిపించి తీసుకురావడం ఇక్కడివాళ్లందరికీ ఉన్న ఆచారం. ఆ ఐస్‌క్రీమ్‌ని పాతవాళ్లు ఇప్పటికీ స్మర్ఫ్ ఐస్‌క్రీమ్ అంటారు. స్మర్ఫ్ బొమ్మలు పార్కులోంచి ఎప్పుడో వెళ్లిపోయాయి, రంగు మాత్రం ఐస్‌క్రీమ్‌లో మిగిలింది.

ఆ స్మర్ఫ్‌లు ఉన్న కొట్టంలాంటి పెద్ద భవనం గురించి ముందు చెప్పాలి. 1972లో పార్కు తెరిచినప్పుడు అందులో ఎన్‌చాంటెడ్ వాయేజ్ అని ఒక పడవ ప్రయాణం ఉండేదట. చల్లటి చీకట్లో, నీళ్ల మీద, ఆడే బొమ్మల మధ్య నుంచి పడవలు పోయేవి. 1984లో ఆ బొమ్మలు పోయి స్మర్ఫ్‌లు వచ్చాయి. 1992లో నీళ్లు తోడేసి, పడవల బదులు బళ్లు పెట్టి, ఫాంటమ్ థియేటర్ చేశారు. నాకు తెలిసింది అదే. పాడుబడ్డ నాటకశాలలోకి బండి మెల్లగా పోతుంది. మేస్ట్రో అనే దెయ్యం ఆర్గన్ వాయిస్తూ ఉంటాడు. మిగతా దెయ్యాలన్నీ ఒకప్పటి రంగస్థల కళాకారులు, చచ్చినా పాత్రలు వదలనివాళ్లు. మా అమ్మాయి మొదటిసారి నా చీర కొంగు మొహానికి కప్పుకుని (అవును, పార్కుకి చీరలో వెళ్లిన రోజులూ ఉన్నాయి) లోపలున్నంతసేపూ తియ్యలేదు. బయటికి రాగానే "ఇంకోసారి" అంది.

2003లో ఫాంటమ్ థియేటర్ పోయి స్కూబీ డూ వచ్చాడు. కూచున్నవాళ్ల చేతికి తుపాకులిచ్చారు. గురి చూసి కొడితే పాయింట్లు. ఆ హక్కులు చెల్లిపోయాక 2010లో బూ బ్లాస్టర్స్ అని పేరు మారింది గానీ తుపాకులు అవే. పిల్లలకి నచ్చింది, కాదనను. కానీ తుపాకీ చేతికొచ్చాక ఎవరూ గోడలు చూడరు. కళ్లన్నీ పాయింట్ల మీదే. భయపడ్డానికి వచ్చిన పిల్ల లెక్కలేసుకుంటూ బయటికొస్తుంది. అదే భవనం, అదే చీకటి. రైడ్ మారినప్పుడు చెక్కా ఇనుమూ చాలామటుకు అక్కడే ఉండి, లోపల కూచున్నవాళ్ల ధ్యాస మారిపోవచ్చని నాకు అక్కడే తెలిసింది.

ఇక సన్ ఆఫ్ బీస్ట్. 2000లో తెరిచారు. 218 అడుగుల ఎత్తున్న చెక్క కోస్టర్, పైగా అందులో ఒక నిలువు చుట్టు. ఆ చుట్టు ఉక్కుతో చేసిందే అయినా, చెక్క కోస్టర్ మీద తలకిందులవడం అప్పటికి వింత. కట్టేటప్పుడు చూసినవాళ్లకి అది రైడ్‌లా అనిపించలేదు. దూలాల మీద దూలాలు, వాటికి అడ్డంగా ఇంకా దూలాలు. అడవిని కొట్టి అదే చోట గళ్లుగళ్లుగా మళ్లీ నిలబెడుతున్నారనిపించింది. వాన పడ్డ రోజున తడి చెక్క వాసన దారి పొడుగునా ఉండేది. నాకు ఆ వాసన రైడ్ కన్నా ఎక్కువ గుర్తు.

2006 జులైలో ఒక దూలం దెబ్బతిని పట్టాలో గుంతలాంటిది ఏర్పడి 27 మంది గాయపడ్డారు. ఆ ఏడాది చివర్లో చుట్టు తీసేశారు. తేలికపాటి బళ్లు పెట్టి 2007లో మళ్లీ నడిపారు. 2009 జూన్‌లో ఆపేశారు. ఆపడంతో అయిపోలేదు. ఆ తర్వాత మూడేళ్లు అది అలా నిలబడే ఉంది. బళ్లు లేవు, వరస లేదు, మైకులో మాటల్లేవు. ఆకాశం సగానికి మాత్రం ఆ కట్టడమే అడ్డం. ప్రతి మార్చిలోనూ "ఈసారి బాగుచేస్తారట" అని ఒకరు మొదలెడతారు. అందరం నమ్ముతాం. చివరికి 2012లో కూల్చేశారు.

అంతలోనే అక్కడ ఏం వస్తుందన్న గోల మొదలైంది, గోల చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. మాలాంటివాళ్ల గుణమే అంత. కూలుతున్నప్పుడు కళ్లు తుడుచుకుంటాం, మర్నాటికి కంచె సందులోంచి సర్వే మేకులు లెక్కపెడుతుంటాం. పోయినదాని మీద ప్రేమా, రాబోయేదాని మీద ఆబా ఒకే మనిషిలో పక్కపక్కనే కాపురముంటాయి. ఒకటి రెండోదాన్ని అడ్డుకున్నట్టు నేనైతే చూడలేదు.

కట్టడం చూడ్డంలో ఉన్న రుచి ఎక్కడంలో కూడా లేదని మా కోస్టర్ పిచ్చివాళ్ల గుంపులో ఒకాయన అంటుంటాడు. పూర్తిగా ఒప్పుకోను గానీ, చాలావరకు నిజమే. ముందు ఎర్ర జెండాల మేకులు నాటుతారు. తర్వాత గోతులు, కాంక్రీటు దిమ్మెలు, దిమ్మెల మీద బోల్టులు. బోల్టుల వరస చూసి స్తంభం ఎంత లావుంటుందో, స్తంభం లావు చూసి అక్కడ పట్టా ఎంత ఎత్తున పోతుందో ఊహించేవాళ్లున్నారు. ఊరి ప్లానింగ్ ఆఫీసుకి అర్జీ పెట్టిన ప్లాన్లు తెప్పించుకుని, వంపు మీద వంపు గీసుకుని, పార్కు ప్రకటించకముందే రైడ్ మొత్తం కాగితం మీద దింపేసేవాళ్లూ ఉన్నారు. ఇక్కడివాళ్లకి ఇంకో అదృష్టం ఉంది. స్విట్జర్లాండ్ కంపెనీ బొలిగర్ అండ్ మబిలార్డ్ కోస్టర్ల పట్టాలు తయారయ్యేది ఇక్కడికి దగ్గర్లోని బటేవియా ఊళ్లో, క్లెర్మాంట్ స్టీల్ ఫాబ్రికేటర్స్ దగ్గర. ప్రపంచంలో ఏ మూలకో పోవాల్సిన పట్టా ముక్కలు రంగులేసుకుని ఆ పెరట్లో వరసగా పడి ఉంటాయి. రంగు చూసి ఇది ఏ పార్కుదో పందేలు కాస్తారు. ఊరికే దారిన పోయేవాళ్లకి అవి ఇనప గొట్టాలే.

చివరగా గుట్ట శిఖరం మీద ఆఖరి ముక్క బిగిస్తారు. తర్వాత సీట్లలో మనుషుల ఆకారంలో నీళ్లు నింపిన బొమ్మల్ని కూచోబెట్టి ఖాళీ పార్కులో తిప్పి తిప్పి చూస్తారు. కేకల్లేకుండా పరిగెత్తే కోస్టర్ని చూడటం విచిత్రంగా ఉంటుంది.

సన్ ఆఫ్ బీస్ట్ జాగాలో 2014 ఏప్రిల్‌లో బాన్షీ తెరిచారు. మనుషులు పట్టా కింద వేలాడే రకం, 4,124 అడుగుల పొడవు, ఏడుసార్లు తలకిందులు. మంచి రైడ్. నాకు చాలా ఇష్టం. అక్కడ సన్ ఆఫ్ బీస్ట్ పేరు మీద ఒక సమాధి రాయి కూడా పెట్టారు. బాన్షీ దెయ్యం కథ కాబట్టి సమాధులు కుదిరిపోయాయి. మొదట చూసినప్పుడు ఆ రాయి నచ్చింది. తర్వాత తర్వాత కొంచెం అనుమానం వేసింది: మనం దేనికి ఏడుస్తామో వాళ్లకి ముందే తెలుసు, దానికీ ఒక మూల కేటాయించారు, ఫొటో తీసుకోవడానికి వీలుగా. అయినా ఆ దారిన పోయినప్పుడల్లా దాని కోసం ఒకసారి చూస్తాను.

హైదరాబాదులో పెరిగినవాళ్లకి ఈ పద్ధతి అలవాటు కావడానికి టైము పడుతుంది. మాకు తెలిసిన రైడ్లన్నీ నాంపల్లి నుమాయిష్‌వే. జనవరి ఒకటిన మొదలు, ఫిబ్రవరి మధ్యకల్లా అయిపోతుంది. జెయింట్ వీల్‌ని ముక్కలు ముక్కలుగా లారీల మీద తెస్తారు, మనుషులు ఊచలు పట్టుకుని పైకి పాకి బిగిస్తారు, నెలన్నర తిప్పి మళ్లీ ముక్కలు చేసి తీసుకుపోతారు. మౌత్ కా కువా చెక్కలూ అంతే. మార్చిలో అటువైపు పోతే ఖాళీ మైదానం. ఎవరూ బాధపడరు, ఎందుకంటే వచ్చే జనవరిలో మళ్లీ వస్తుంది. ఈ ఏడు బండి మీద నెమలి బొమ్మ బదులు గుర్రం బొమ్మ ఉండొచ్చు, మోటారు మారి ఉండొచ్చు, అయినా మనకి అది అదే జెయింట్ వీల్. ఇక్కడ అలా కాదు. కాంక్రీటులో పాతుకుని, యాభై ఏళ్లు ఉండేలా కనిపిస్తుంది. ఒకసారి తీశారా, ఇంక రాదు. శాశ్వతంగా కట్టినవే శాశ్వతంగా పోతాయి. ఏటా విప్పేసేది ఏటా తిరిగొస్తుంది.

ఇక మొదట్లో చెప్పిన వోర్టెక్స్. అది 1987లో వచ్చింది. ఆరో కంపెనీ చేసిన కోస్టర్, ఆరుసార్లు తలకిందులు చేసే మొదటి రైడ్. అది నిలబడ్డ చోట 1981లో బ్యాట్ అని ఒకటి ఉండేది. బళ్లు పట్టా కింద వేలాడుతూ గబ్బిలాల్లా అటూ ఇటూ ఊగే రకాల్లో తొలి ప్రయత్నం. పట్టా వంపుల్లో సరిగ్గా ఒరిగి లేకపోవడంతో బళ్ల మీద ఒత్తిడి ఎక్కువై, తరచూ ఆగిపోయి, మూడు సీజన్లు కూడా నిండుగా తిరగలేదు. ఆ జాగాలోనే వోర్టెక్స్ కట్టారు. బ్యాట్ పేరు మాత్రం పూర్తిగా చావలేదు. 1993లో టాప్ గన్ అని వచ్చిన వేలాడే కోస్టర్ తర్వాత ఫ్లైట్ డెక్ అయి, 2014లో బ్యాట్ అయింది. ఇన్ని పేర్లు మారినా, ఇదే అసలు బ్యాట్ అనుకునే కుర్రాళ్లతో నేను వాదించడం మానేశాను.

వోర్టెక్స్ గొప్ప రైడ్ అని చెప్పను. భుజాల మీదికి దిగే ప్యాడ్లకి చెవులు తగలకుండా తల వెనక్కి ఆనించి బిగబట్టుకోవాలని ఎక్కినవాళ్లందరికీ తెలుసు. కొత్తవాళ్లకి అదొక పాఠంలా చెప్పేవాళ్లం. నాకు కావలసింది ఆ తలకిందులు కాదు, దానికి ముందరిది. గొలుసు బండిని పట్టుకుని పైకి లాగుతుంటే టక్కు టక్కు టక్కుమని ఇనప చప్పుడు. బండి వెనక్కి జారకుండా పళ్ల మీద పళ్లు పడుతున్న శబ్దం అది. ఒక్కో టక్కుకీ ఒక్కో అడుగు పైకి. మాటలు ఆగిపోయేవి, నవ్వులు పల్చబడేవి. కొత్త రైడ్లలో ఈ చప్పుడు బాగా తగ్గించేశారు. ఇంజనీరింగ్ లెక్కన అది మెరుగే. కానీ భయం తన పని చేసుకోవడానికి ఆ టక్కు టక్కు చాలా అవసరం. చప్పుడు లేకుండా పైకి తీసుకెళ్తే లిఫ్టులో వెళ్లినట్టే.

148 అడుగుల పైకి చేరాక వోర్టెక్స్ వెంటనే పడేసేది కాదు. గొలుసు వదిలేసి, బండి తన బరువుతో తాను మెల్లగా ఒక వంపు తిరిగేది. ఆ కాసేపూ ఏ చప్పుడూ ఉండదు. చెట్ల తలలు, వాటి మధ్య బీస్ట్ కోస్టర్ చెక్క పట్టా అక్కడక్కడ తేలి మునగడం, దూరంగా ఐఫిల్ టవర్. సాయంత్రం ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు ఆ వంపు కోసమే నేను వరసలో నిలబడేదాన్ని. తర్వాత 138 అడుగుల కిందికి జారిపోవడం, మిగతాదంతా మామూలే. రైడ్ల గురించి రాసేవాళ్లెవరూ ఆ వంపుని లెక్కలోకి తీసుకోరు. ఎత్తు రాస్తారు, వేగం రాస్తారు, తలకిందులు ఎన్నో రాస్తారు. కొత్త రైడ్ ప్రకటించినప్పుడు కూడా అవే అంకెలు.

2019 సెప్టెంబరులో చెప్పారు, దాని ఆయుష్షు అయిపోయిందని. అక్టోబరు 27 ఆఖరి రోజు. నెల రోజుల్లో వోర్టెక్స్‌కి ఉన్నట్టుండి అభిమానులు పుట్టుకొచ్చారు. ఏడాది పొడుగునా వరస లేని రైడ్‌కి గంటలకొద్దీ వరస. చెవులు పట్టుకుని తిట్టుకున్నవాళ్లే చొక్కాల మీద దాని బొమ్మ వేయించుకున్నారు. తప్పేం లేదు, పెళ్లిళ్లకి రానివాళ్లు కూడా దినాలకి వస్తారు. ఆఖరి రాత్రి నాకు వంపు తిరిగేటప్పుడు ఏమీ కనిపించలేదు. చీకటి, చలి, చుట్టూ ఫోన్ల వెలుతురు.

ఆ చలికాలంలో విప్పేశారు. మామూలుగా అయితే ఏప్రిల్‌లో పార్కు తెరిచినప్పుడు ఆ ఖాళీ చూసి మెల్లగా అలవాటు పడేవాళ్లం. 2020లో ఏప్రిల్ లేదు, మే లేదు. జులై 2న, మాస్కులు కట్టుకుని లోపలికి వెళ్తే ఆ వైపు ఆకాశం అంతా తెరుచుకుని ఉంది. అదే రోజు ఇంకో మూలన ఒరాయన్ అనే కొత్త కోస్టర్ మొదలైంది. ఫైర్‌హాక్ కోస్టర్‌ని 2018లో తీసేసిన చోట, 300 అడుగుల దిగుడు, గంటకి 91 మైళ్లు. గుట్ట ఎత్తు 287 అడుగులే, మిగతా పదమూడు అడుగులూ నేలలోకి తవ్విన గొయ్యి. దాంతో ఇది 300 అడుగుల జాతి కోస్టర్ కిందకి వస్తుందా రాదా అని పెద్దపెద్దవాళ్లు మనస్పర్థలు తెచ్చుకున్నారు. నేను వస్తుందనే పక్షం. మనం పడేది మొత్తం మూడొందల అడుగులే కదా, గొయ్యిలోకి పడితే పడటం కాదా?

అన్ని మార్పులూ పోగొట్టుకోవడాలే అనను. చీకట్లో తిరిగే ఫ్లైట్ ఆఫ్ ఫియర్ కోస్టర్‌కి 2001లో భుజాల ప్యాడ్లు తీసేసి ఒడి మీద బిగించే కడ్డీ పెట్టారు. ఈ పార్కులో నేను చూసిన మంచి పని అది. అదే రైడ్, అదే చీకటి, ప్రాణం హాయిగా ఉంది. కొత్త కోస్టర్ల ప్రకటనలకి బాకాలు ఊదేవాళ్లు ఇలాంటి వాటిని పట్టించుకోరు. రేసర్ మాత్రం నాకు లోటే. 1972 నుంచి పక్కపక్కనే పరిగెత్తే జంట పట్టాల చెక్క కోస్టర్ అది. 1982 నుంచి ఒకవైపు బళ్లు వెనక్కి తిరిగి పరిగెత్తేవి, 2008 సీజన్‌కి ముందుకి తిప్పేశారు. వెనక్కి తిరిగి కూచుంటే ఏ గుట్ట ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు.

బీస్ట్ సంగతి ఇంకా చిక్కు. 1979లో ఇక్కడి మనుషులే గీసుకుని, అడవిలో 35 ఎకరాల మేర కట్టుకున్న చెక్క కోస్టర్. 7,300 పైచిలుకు అడుగులు, నాలుగు నిమిషాలు దాటిన ప్రయాణం. చెక్క కోస్టర్లలో ఇంత పొడవైంది ఇప్పటికీ ఇంకోటి రాలేదు. చెక్క పట్టా అంటే ఎప్పుడూ బాగుచేయాల్సిందే. ఎండకీ మంచుకీ పొరలు వదులవుతాయి. ఈ దాదాపు యాభై ఏళ్లలో దాని చెక్క ఎంతో కొంత మారుతూనే వచ్చింది, అయినా అందరికీ అది 1979దే. 2022లో గ్రావిటీ గ్రూప్ వాళ్లు 2,000 అడుగుల పట్టా మార్చి, మొదటి దిగుడుని 45 డిగ్రీల నుంచి 53కి నిటారు చేశారు. నడక నున్నబడింది. మా గుంపులో ఒక తమ్ముడు ఉన్నాడు, "అక్కా, బీస్ట్‌ని పాడుచేశారు. ఎముకలు కదిలితేనే కదా బీస్ట్" అంటాడు. నేను అనేది ఒకటే: అది నిలబడి ఉంది. విప్పేసి ఆ అడవిలో ఇంకో ఉక్కు కోస్టర్ వెయ్యకుండా దీని మీద డబ్బు పెట్టారు. రాత్రి పూట ఎక్కి చూడు, ఆ చివర సొరంగాల్లోని పెద్ద చుట్టులో ఎముకలు ఇంకా కదులుతాయి. తను ఒప్పుకోడు.

పోయినవన్నీ పార్కులోనే వెతకాల్సిన పని లేదు. 1974 నుంచి ఇక్కడ లయన్ కంట్రీ సఫారీ ఉండేది. సింహాల మీదుగా మోనోరైలు తిరిగేది. అది నేను రాకముందే, 1993లో మూతపడింది. ఆ మోనోరైలు బళ్లని ఫెయిర్‌ఫీల్డ్‌లోని జంగిల్ జిమ్స్ అనే కిరాణా సామ్రాజ్యం కొనుక్కుంది. మా ఇండియన్ కుటుంబాలన్నీ కందిపప్పూ కరివేపాకూ తెచ్చుకునే కొట్టే. ఏళ్ల తరబడి పచ్చిమిరపకాయలు ఏరుకుంటూ బయటికొచ్చి ఆ పట్టాల కింద కార్లు పెట్టుకున్నాం. అది ఏ ఊరి నుంచి ఎక్కడికొచ్చిందో తెలిసిన రోజున మా ఆయన మొదటిసారి పార్కు చరిత్ర మీద ఆసక్తి చూపించారు. కిరాణా అయితే ఆయన శాఖ మరి.

ఇంకా వెనక్కి వెళ్తే రంగులరాట్నం ఉంది. 1926 నాటిది. ఒహాయో నది ఒడ్డున ఉన్న పాత కోనీ ఐలండ్ పార్కులో తిరిగేది. వరదలకి మునిగి మునిగి విసిగిపోయి, 1964 వరద తర్వాత ఎత్తైన చోటికి మారాలనుకున్నారు. ఆ మార్పే కింగ్స్ ఐలండ్. అక్కణ్నుంచి వచ్చినవాటిలో ఆ గుర్రాలు ఇంకా తిరుగుతున్నాయి. పాత కోనీ ఐలండ్‌లో చిన్నగా మిగిలింది కూడా 2023 చివరితో ముగిసింది. ఆ గుర్రాల మీద పిల్లల్ని ఎక్కించేవాళ్లలో చాలామందికి అవి ఏ నదిని చూసి వచ్చాయో తెలియదు. తెలియాలని పట్టుపట్టను, పిల్లలకి గుర్రం చాలు.

2025లో ఒక ప్రకటన వచ్చింది: బూ బ్లాస్టర్స్ తీసేసి, 2026 సీజన్‌కి ఫాంటమ్ థియేటర్ మళ్లీ తెస్తున్నామని. ఫాంటమ్ థియేటర్: ఓపెనింగ్ నైట్‌మేర్ అని పేరు. పోయింది తిరిగి రావడం ఇక్కడ నేను చూసిందీ విన్నదీ తక్కువ. తిరిగొచ్చేది అదే కాదని నాకు తెలుసు. 1992లో పడవలు పోయినప్పుడు ఏడ్చినవాళ్లు ఇప్పుడు నవ్వుకుంటూ ఉండాలి. వాళ్ల ఏడుపుకి కారణమైనది ఇప్పుడు మా పాతజ్ఞాపకం. బూ బ్లాస్టర్స్‌లో తుపాకీ పట్టుకుని పెరిగిన పిల్లలు కూడా ఉన్నారు, వాళ్లకి ఇది నష్టం. ఆఖరి వారాల్లో వాళ్లూ వరస కట్టి ఉంటారు.

మా అమ్మాయి కొలంబస్‌లో ఉంటుంది. వార్త చదివిన సాయంత్రమే ఫోను. "అమ్మా, మేస్ట్రో ఉంటాడా? అదే ఆర్గన్ వాయిస్తాడా?" వాళ్ల బాబుకి మూడేళ్లు. వాణ్ని తీసుకురావాలట. వాడు భయపడతాడేమో అన్నాను. భయపడ్డానికే తెస్తున్నానంది. పాట మారిస్తే మాత్రం ఊరుకోనని, పార్కు ఆఫీసుకి ఉత్తరం రాస్తానని ఇంకో పదినిమిషాలు మాట్లాడింది. ఉత్తరం తర్వాత రాద్దువు గానీ, ధరలు పెరగకముందు సీజన్ పాస్ కొనుక్కో అన్నాను.